చెక్క డెక్ మీద తక్కువ ఖర్చులో వంటిల్లు: ముందు బరువు, మంట సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఇల్లు. వెనక 12 అడుగులు బై 16 అడుగుల చెక్క డెక్, నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తు, దిగడానికి మెట్లు. చేపల వేపుడు, బజ్జీలు, నలుగురూ వచ్చినప్పుడు బిర్యానీ, ఇవన్నీ బయటే వండుకునేలా ఏర్పాటు కావాలి. బడ్జెట్ 2,000 డాలర్లు. కాంక్రీటు బ్లాకులు పేర్చి, పైన గ్రానైటు పరిచి, మధ్యలో గ్రిల్ బిగిద్దామని మీవారి ఆలోచన. జూన్‌లో మీ అత్తగారు వస్తున్నారు, ఆ లోపు అయిపోవాలి.

నేను సివిల్ ఇంజినీరుని. ఈ చుట్టుపక్కల ఇళ్ల డెక్‌లకు పర్మిట్ డ్రాయింగులు వేస్తుంటాను, తెలిసినవాళ్ల ఇళ్లలో ఇలాంటి వంటిళ్లు దగ్గరుండి చేయించాను. సూటిగా చెప్పాలంటే బ్లాకుల ఆలోచన పూర్తిగా మానుకోండి. డెక్ మీద తేలికైన స్టీలు బల్లలు, ఒక పెద్ద పెనం పొయ్యి పెట్టుకోండి. బిర్యానీ, డీప్ ఫ్రై లాంటి పెద్ద మంట పనులకు మెట్లు దిగాక కాస్త ఎడంగా, నేల మీద పేవర్లతో, అంటే పరుచుకునే కాంక్రీటు బిళ్లలతో, చిన్న అరుగు వేసుకోండి. మీ బడ్జెట్‌లో హాయిగా అయిపోతుంది, కొంత మిగులుతుంది కూడా. ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్తాను.

మొదట బరువు. మన వైపు మామూలు ఇంటి డెక్‌ని చదరపు అడుగుకి 40 పౌన్ల లైవ్ లోడ్, 10 పౌన్ల డెడ్ లోడ్ లెక్కన డిజైన్ చేస్తారు. ఆ 10 పౌన్లు డెక్ సొంత బరువుకే సరిపోతాయి. మిగతా 40 మనుషులకీ, కుర్చీలకీ, బల్లలకీ. అమెరికన్ వుడ్ కౌన్సిల్ వాళ్ల డీసీఏ 6 అనే డెక్ గైడ్ కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది. హాట్ టబ్ లాంటి ఒకేచోట పడే పెద్ద బరువులు ఆ గైడ్ పరిధిలోకే రావు, వాటికి ఇంజినీరు విడిగా లెక్క కట్టాలి.

ఇప్పుడు మీవారి బ్లాకుల సంగతి చూద్దాం. 8 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న కౌంటర్ అనుకోండి. 8 బై 8 బై 16 అంగుళాల బ్లాకులతో ఒక వరసకి 14 పడతాయి. నాలుగు వరసలకి 56. ఒక్కో బ్లాకు 32 పౌన్లు వేసుకున్నా దాదాపు 1,800 పౌన్లు. పైన రెండంగుళాల కాంక్రీటు పలక అయితే చదరపు అడుగుకి 25 పౌన్ల చొప్పున 500. గ్రానైటు అయితే కొంచెం తక్కువ. మొత్తం 2,300 పౌన్లు వెళ్లి 20 చదరపు అడుగుల మీద కూర్చుంటాయి. అంటే అడుగుకి 115. డెక్ మోయగలిగింది 40. ఇంకా గ్రిల్, గిన్నెలు, వండే మనిషి ఈ లెక్కలో లేరు.

డెక్ మొత్తం 192 చదరపు అడుగులు కదా, 40తో గుణిస్తే 7,680 పౌన్లు, అందులో 2,300 ఎంత అని మీవారు అడుగుతారు. చాలామంది అడిగే ప్రశ్నే ఇది. ఆ 7,680 అనేది బరువు డెక్ అంతటా సమానంగా పరుచుకున్నప్పటి మాట. బ్లాకుల కౌంటర్ ఒక మూల కొన్ని జాయిస్టుల మీదే, అంటే పలకల్ని కింద మోసే దూలాల మీదే పడుతుంది. పైగా మన పార్టీల్లో మనుషులు ఎక్కడ నిలబడతారో మీకు తెలుసు. వేడివేడిగా తీస్తున్న బజ్జీల చుట్టూనే కదా! ఇంకో విషయం, మనుషులు వస్తారు, వెళ్తారు. బ్లాకులు రాత్రీపగలూ అక్కడే ఉంటాయి. ఎప్పటికీ దిగని బరువు కింద చెక్క ఏళ్ల తరబడి నెమ్మదిగా కుంగుతూ పోతుంది. రెండు మూడేళ్లకి కౌంటర్ పగుళ్లిస్తే, పగిలింది గ్రానైటే అనుకుంటారు. కింద వంగిన జాయిస్టు ఎవరికీ కనబడదు.

అందుకే ఏమీ కొనకముందే ఒక టార్చ్, ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని డెక్ కిందికి వెళ్లండి. మూడున్నర అడుగుల ఎత్తు ఉంది కాబట్టి వంగి వెళ్లొచ్చు. మొదట ఇంటి గోడకి ఆనుకుని ఉన్న పొడవాటి పలక చూడండి, దాన్ని లెడ్జర్ అంటారు. డెక్‌లు కూలిన చాలా సందర్భాల్లో ఊడింది అక్కడే. దాన్ని గోడకి అర అంగుళం మందం బోల్టులతోగానీ, లాగ్ స్క్రూలతోగానీ, ఈ పనికే తయారైన స్ట్రక్చరల్ స్క్రూలతోగానీ బిగించి ఉండాలి. ఒట్టి మేకుల తలకాయలే కనిపిస్తే వంటిల్లు మాట పక్కనపెట్టి ముందు అది బాగుచేయించండి, ఈ విషయంలో వాయిదా వద్దు. లెడ్జర్ పైన నీళ్లు దిగకుండా రేకు ఉందో లేదో, గోడ మీద తుప్పు నీళ్ల చారలున్నాయో చూడండి. తర్వాత జాయిస్టులు లెడ్జర్‌కి కలిసేచోట ఉండే లోహపు హ్యాంగర్లు. వాటి రంధ్రాలన్నిట్లో మేకులుండాలి, చాలాచోట్ల సగం ఖాళీగా వదిలేస్తారు. చివరగా స్తంభాల అడుగుభాగం, జాయిస్టుల చివర్లు స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. మంచి చెక్క ఎదురు తంతుంది. మొన మెత్తగా లోపలికి దిగిపోతే అక్కడ పుచ్చు పట్టిందన్నమాట.

కిందున్నప్పుడే బీము, అంటే జాయిస్టుల్ని అడ్డంగా మోసే పెద్ద దూలం, ఎక్కడుందో, జాయిస్టులు ఎటు నడుస్తున్నాయో కాగితం మీద గీసుకోండి. పైన పెట్టే సామానులో బరువైనది ఏదైనా బీముకి దగ్గరగా, నాలుగైదు జాయిస్టులకి అడ్డంగా పడేలా పెట్టాలి. జాయిస్టుల మధ్యలో, బీముకీ ఇంటికీ సగం దూరంలో పెడితే వంగేది అక్కడే.

ఇక మంట. డెక్ మీద మూడు ప్రమాదాలు. ఒకటి, ఇంటి గోడకున్న వినైల్ సైడింగ్, అంటే ప్లాస్టిక్ తొడుగు. అది 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర్లోనే మెత్తబడటం మొదలవుతుంది. గ్రిల్ వెనక నుంచి వచ్చే వేడిగాలికి అలలు అలలుగా వంకర్లు తిరిగిన గోడలు ఈ సబ్‌డివిజన్లలో ఎన్నో చూశాను. గోడ నుంచీ, రెయిలింగ్ నుంచీ కనీసం మూడడుగుల దూరం ఉంచండి, మాన్యువల్ ఇంకా ఎక్కువ చెప్తే అంత. గోడ విషయంలో ఎంత దూరమైతే అంత మంచిది. చూరు కింద అసలు వద్దు. రెండు, డెక్ పలకలే. మీది నిజమైన చెక్క అన్నారు. ట్రెక్స్ లాంటి కాంపోజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) అయితే వేడికి ఇంకా త్వరగా పాడవుతుంది, నూనె మరకలూ ఓ పట్టాన పోవు. మూడోది ఎవరూ ఆలోచించనిది, పలకల మధ్య సందులు.

మా స్నేహితుల ఇంట్లో దమ్ బిర్యానీకి మూత మీద బొగ్గులు వేశారు. వేయించుతున్న పెద్దాయనకి అనుభవం ఉంది, గిన్నె కింద మ్యాట్ కూడా ఉంది. పట్టకారుతో తీస్తుంటే గోళీకాయంత నిప్పు జారి, మ్యాట్ అంచు దాటి, సందులోంచి కిందికి పోయింది. డెక్ కింద గత శరదృతువులో రాలిన ఓక్ ఆకులు అరడుగు మేర ఎండి ఉన్నాయి. భోజనాలైపోయి అందరూ లోపల కూర్చున్నాక పిల్లలొచ్చి ఏదో వాసన వస్తోందన్నారు. వెళ్లి చూస్తే ఆకుల్లోంచి సన్నగా పొగ. తోటకి నీళ్లు పెట్టే పైపు దగ్గర్లోనే ఉండబట్టి సరిపోయింది. అందుకని చెక్క డెక్ మీద బొగ్గుల పని ఏ రూపంలోనూ వద్దు. కింద ఆకులు ఏటా ఊడ్పించండి. అరుగు మీద వాడిన బొగ్గుల్ని కూడా మూతున్న లోహపు డబ్బాలో వేసి, ఇంటికి దూరంగా పెట్టండి. బూడిద చల్లారినట్టు కనిపిస్తుంది, లోపలి నిప్పు మర్నాటికి కూడా ఉంటుంది.

పెద్ద బర్నర్ల సంగతీ ఇంతే. మనవాళ్లు బిర్యానీకి వాడే బర్నర్లు నిజానికి ఇక్కడ టర్కీ ఫ్రై చేయడానికి అమ్మేవి. మామూలు గ్యాస్ స్టవ్ బర్నర్ గంటకి 9,000 నుంచి 18,000 బీటీయూ (వేడిని కొలిచే లెక్క) మధ్య ఉంటే, ఇవి 50,000 పైనే. చెక్క డెక్ మీద పెట్టవద్దని వాటి మాన్యువల్స్‌లోనే హెచ్చరిక ఉంటుంది. బాణలి నిండా నూనె, చుట్టూ పిల్లలు, కింద చెక్క, పక్కన ప్లాస్టిక్ గోడ. ఆ నాలుగూ ఒకచోట చేరకూడదు. ఇన్స్యూరెన్స్ వాళ్లు క్లెయిమ్ చూసేటప్పుడు కూడా మాన్యువల్ వద్దన్నచోట వాడారా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

కాబట్టి నేను చెప్పే ఏర్పాటు రెండు అంతస్తులది. పైన డెక్ మీద తరగడం, కలపడం, పెనం పని, వడ్డన. కింద అరుగు మీద నూనె, పెద్ద గిన్నె, నిప్పు.

పైన కౌంటర్‌కి బ్లాకుల బదులు రెస్టారెంట్లలో వాడే స్టెయిన్‌లెస్ స్టీలు బల్లలు రెండు తీసుకోండి. నాలుగడుగులు బై రెండడుగుల సైజు చాలు. ఒక్కోటి ఒక మనిషి లాగగలిగేంత తేలిక, కింద సామాను పెట్టుకోవడానికి అర ఉంటుంది. మూతపడే రెస్టారెంట్ల వేలాల్లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో సగం ధరకి దొరుకుతాయి. కొనేటప్పుడు అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. పైపలకకి గట్టిగా అంటుకుంటే అది 430 గ్రేడ్ అయ్యుంటుంది, వానలో తుప్పు చుక్కలు వస్తాయి. అంటుకోకపోయినా, అంటీఅంటనట్టున్నా 304 అనుకోవచ్చు, బయట వాడకానికి అదే మేలు. కాళ్లు, కింది అర గాల్వనైజ్డ్ అయినా ఫర్వాలేదు. గ్రానైటు మీద మీవారికి మరీ మనసైతే, కౌంటర్‌టాప్‌లు కోసే షాపుల్లో మిగిలిన ముక్కలు చవగ్గా ఇస్తారు. చపాతీలు ఒత్తుకోవడానికి రెండడుగుల ముక్క ఒకటి తెచ్చి స్టీలు బల్ల మీద పెట్టుకోండి. ముచ్చటా తీరుతుంది, బరువూ ఉండదు.

పొయ్యి విషయంలో నా అభిప్రాయం స్పష్టం. మన వంటకి గ్రిల్ కంటే పెనం పొయ్యి, అంటే గ్రిడిల్, పదింతలు ఉపయోగం. గ్రిల్ మీద చికెన్, మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవచ్చు, అంతే. బ్లాక్‌స్టోన్ లాంటి 36 అంగుళాల గ్రిడిల్ ఉంటే ఒకేసారి నాలుగు దోసెలు, పక్కన చేప ముక్కలు, ఆ చివర ఉల్లిపాయలు. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన కొర్రమీనో, ఇక్కడ దొరికే టిలాపియానో దాని మీద కొంచెం నూనెతోనే కరకరలాడుతూ వేగుతుంది, బాణలి నిండా నూనె అక్కర్లేదు. మీ చేపల వేపుడు సమస్య సగం దీంతోనే తీరిపోతుంది. కొత్త పెనాన్ని ముందు సబ్బుతో ఒకసారి కడిగి, పల్చగా నూనె రాసి, పొగ ఆగేదాకా కాల్చి, మళ్లీ రాసి, ఇలా మూడు నాలుగు సార్లు నల్లబడేదాకా చేయాలి. ఆ తర్వాత సబ్బు అవసరం రాదు. దోసె అంటుకుపోతుంటే పెనం చల్లగా ఉండి కాదు, వేడి ఎక్కువై. నీళ్లు చిలకరించి, సగం ఉల్లిపాయతో రుద్ది, మంట తగ్గించండి. ఇంట్లో పెనానికీ దీనికీ అక్కడ తేడా ఏమీ లేదు.

ఒక్క షరతు. మీరు కొనబోయే మోడల్‌ని చెక్క డెక్ మీద వాడొచ్చో లేదో మాన్యువల్ నెట్‌లో తెరిచి కొనకముందే చదవండి. ఒక్కో మోడల్‌కి ఒక్కో రకంగా ఉంటుంది. వద్దని ఉంటే అది కూడా కిందికే, అప్పుడు అరుగు కొంచెం పెద్దది వేసుకోండి. వాడొచ్చంటే కింద మంటకి ఓర్చే గ్రిల్ మ్యాట్ పరవండి, పొయ్యి కంటే అన్నివైపులా ఒక అడుగు ఎక్కువ ఉండేలా.

అరుగు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీ డబ్బుకి అసలు విలువ ఇచ్చేది అదే. 6 అడుగులు బై 8 అడుగులు సరిపోతుంది. మెట్ల దారికి ఎదురుగా కాకుండా పక్కగా, ఇంటి నుంచీ డెక్ నుంచీ పది అడుగులు ఎడంగా వేయండి. తవ్వేముందు 811కి ఫోన్ చేయడం తప్పనిసరి. ఉచితంగా వచ్చి భూమిలో గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో రంగులతో గుర్తు పెట్టి వెళ్తారు. తర్వాత గడ్డి, పైమట్టి ఏడంగుళాల దాకా తీసేసి, నాలుగంగుళాల కంకర పొడి పరవండి. మన వైపు దీన్ని 21ఏ అని అడిగితే ఇస్తారు. అంత స్థలానికి 16 ఘనపుటడుగులు, అంటే దాదాపు ఒక టన్ను పడుతుంది. బస్తాల్లో కొంటే ఖర్చు రెండింతలు పైనే, స్టోన్ యార్డు నుంచి పికప్ ట్రక్కులో తెచ్చుకోండి. రెండు వరసలుగా పోసి, ప్రతి వరసనీ తడిపి దిమ్మిసతో గట్టిగా దట్టించాలి. దిమ్మిస కొట్టడంలో బద్ధకించిన అరుగు రెండు చలికాలాలకి ఎగుడుదిగుడవుతుంది. ఇక్కడ నేల గడ్డకట్టి ఉబ్బుతుంది, కరిగి కుంగుతుంది. పైన అంగుళం ఇసుక, దాని మీద అడుగు బై అడుగు పేవర్లు 48. ఇంటికి ఎదురు దిశలో అడుగుకి పావు అంగుళం వాలు ఉంచండి. అంచులకి ప్లాస్టిక్ ఎడ్జింగ్ కొట్టి, సందుల్లో ఇసుక ఊడ్చేస్తే పని అయిపోతుంది. ఇద్దరు మనుషులకి ఒక వారాంతం పని.

అరుగు మీద పొయ్యి ఎత్తు చూసుకోండి. దుకాణంలో అందరూ నడుం ఎత్తున్న రెండు బర్నర్ల క్యాంప్ స్టవ్ చూసి ముచ్చటపడతారు. దాని మీద అడుగు పైన ఎత్తుండే బిర్యానీ గిన్నె పెడితే అంచు ఛాతీ దాకా వస్తుంది. ఐదడుగుల మనిషికి లోపల ఏముందో కనబడదు, గరిటె తిప్పడానికి బలం చాలదు, ఆవిరి మొహానికి కొడుతుంది. పెద్ద గిన్నెకి అడుగు నుంచి అడుగున్నర ఎత్తుండే, నాలుగు కాళ్లు విశాలంగా ఉన్న ఒంటి బర్నర్ కొనండి. మీ అత్తగారు పక్కన చిన్న స్టూలు వేసుకుని కూర్చుని గారెలు కూడా వేయగలరు. బాణలి గుండ్రటి అడుగుదైతే ఊగకుండా రింగ్ అడగండి. నూనె సగానికి మించి పోయకండి. పక్కనే సరిపోయే మూత ఉంచండి, నూనె అంటుకుంటే గ్యాస్ ఆపి మూత వేయాలి, నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కొట్టకూడదు. ఏబీసీ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పొయ్యి పక్కన కాదు, మెట్ల మొదట్లో పెట్టండి. మంట దాటి వెళ్లి తీయాల్సిన చోట ఉంటే అది ఉన్నా లేనట్టే.

గ్యాస్ గురించి కొన్ని మాటలు. ఇక్కడి మామూలు సిలిండర్ 20 పౌన్లది. నిండుగా ఉంటే దాదాపు 4,30,000 బీటీయూ, అంటే 60,000 బర్నర్ ఫుల్‌లో పెడితే ఏడు గంటలు. స్టోర్ల ముందు పంజరాల్లో మార్చి ఇచ్చే సిలిండర్లలో చాలావరకు 15 పౌన్లే నింపుతారు. నింపి ఇచ్చే చోటికి తీసుకెళ్తే అదే డబ్బుకి ఎక్కువ వస్తుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే బరువు తూచే మిషన్ మీద పెట్టండి. కాలర్ మీద టీడబ్ల్యూ అని పక్కన అంకె ఉంటుంది, అది ఖాళీ సిలిండర్ బరువు, సాధారణంగా 17 చిల్లర. తీసేస్తే మిగిలింది గ్యాస్. బిర్యానీ దమ్‌లో ఉండగా గ్యాస్ అయిపోతే పడే టెన్షన్ మీకు తెలియంది కాదు, రెండో సిలిండర్ ఉంచుకోండి. అయితే గరాజ్‌లో, బేస్‌మెంట్‌లో పెట్టకూడదు. ప్రొపేన్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుని గుంటల్లో నిలబడుతుంది. బయట, నీడన, నిలువుగా ఉంచండి.

గ్రిడిల్‌కి వచ్చే రెగ్యులేటర్ తక్కువ ప్రెషర్‌ది, పెద్ద బర్నర్‌కి వచ్చేది ఎక్కువ ప్రెషర్‌ది. ఒకదాని గొట్టం ఇంకోదానికి పెట్టకండి. ఇండియా నుంచి తెచ్చుకున్న స్టవ్‌ని అడాప్టర్లతో ఇక్కడి సిలిండర్‌కి కలపడం కొందరు చేస్తుంటారు, దయచేసి వద్దు. అక్కడి ఎల్పీజీలో బ్యూటేన్ కలిసి ఉంటుంది, జెట్‌లు ఆ గ్యాస్‌కి తగ్గట్టు చేసినవి, గొట్టం బిగింపులు కూడా వేరు. కనెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ సబ్బు, నీళ్లు సమానంగా కలిపి జాయింట్ల మీద రాయండి, బుడగలొస్తే లీకే. వాల్వ్ ఒక్కసారిగా తిప్పితే లోపలున్న సేఫ్టీ గ్యాస్‌ని అడ్డుకుంటుంది, మంట సన్నగా వస్తుంది. పొయ్యి చెడిందనుకుని వాపసు ఇచ్చేవాళ్లున్నారు. అన్నీ ఆపి, గొట్టం విప్పి, కాసేపాగి మళ్లీ బిగించి, వాల్వ్ నెమ్మదిగా తిప్పితే సరిపోతుంది.

వాన మొదలైతే మన చేతులు పొయ్యిని గరాజ్‌లోకి లాగడానికి చూస్తాయి. తలుపు తీసే ఉంది కదా అనుకోవద్దు. గరాజ్‌లో, మెష్ వేసిన పోర్చ్‌లో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. వాన పడితే గ్యాస్ ఆపి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్లి స్టవ్ మీద పూర్తి చేయండి.

నీళ్లకి ప్లంబర్ అవసరం లేదు. తోట పైపుకి తగిలించుకునే స్టీలు సింక్ వంద డాలర్ల లోపు దొరుకుతుంది. కింద బకెట్ పెట్టి, నిండాక లోపల పారబోయండి. చేపలు కడిగిన నీళ్లు గడ్డిలో వదిలితే ఆ రాత్రికే రకూన్‌లు వస్తాయి. వీధి కాలువలోకి అసలు వదలకూడదు, అది నేరుగా వాగుల్లో కలుస్తుంది. కరెంటుకి డెక్ మీద ఇప్పటికే ఉండే ప్లగ్ చాలు. అది జీఎఫ్‌సీఐ, అంటే షాక్ కొట్టకుండా కరెంటు వెంటనే ఆపేసే రకం అయ్యుండాలి, వైరు పెట్టి ఉన్నప్పుడు కూడా మూసుకునే మూత ఉండాలి. మిక్సీ, వెట్ గ్రైండర్ పని లోపల చేసుకుని రావడమే మంచిది. లైటు మాత్రం ఖర్చుపెట్టండి. వేలాడదీసే పసుపు బల్బుల తోరణాలు ఫొటోలకి బాగుంటాయి, వాటి వెలుగులో చేప వేగిందో మాడిందో తెలియదు. పొయ్యి మీదికి పడేలా తెల్లటి ఎల్ఈడీ ఒకటి పెట్టించండి.

పర్మిట్ల విషయానికొస్తే, కదిలే బల్లలు, కదిలే పొయ్యి అయితే సాధారణంగా అవసరం పడదు. ఇంటి నుంచి సహజవాయువు లైన్ లాగినా, కొత్త కరెంటు సర్క్యూట్ వేసినా, పైన పైకప్పు కట్టినా కౌంటీ పర్మిట్ కావాలి. అరుగుకి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి అడుగుతారు, ఒక గీసిన కాగితం, పేవరు ఫొటో జతచేసి ఈ వారమే పంపండి. కమిటీ నెలకొకసారే కూర్చుంటే మీ జూన్ గడువు అక్కడే పోతుంది. మీది విడి ఇల్లు కాబట్టి ఈ మాత్రం చెప్పగలుగుతున్నాను. అపార్ట్‌మెంట్, కాండో బాల్కనీల్లో చాలాచోట్ల ఫైర్ కోడ్ ప్రకారం గ్యాస్ పొయ్యి, బొగ్గుల కుంపటి రెండూ నిషేధం. టౌన్‌హౌస్ వాళ్లు ముందు ఫైర్ మార్షల్ ఆఫీసులో అడగాలి.

ఖర్చు ఉజ్జాయింపుగా ఇలా వస్తుంది. రెండు స్టీలు బల్లలు 300, గ్రిడిల్ 350, బర్నర్ 100, రెండు సిలిండర్లు 120, అరుగుకి అన్నీ కలిపి 300, సింక్ 100, మ్యాట్ 60, లైటు, కవర్లు, ఎక్స్‌టింగ్విషర్ కలిపి 200. 1,500 చిల్లర తేలుతుంది. అవసరమైతే మిగిలిన డబ్బుతో లెడ్జర్ బోల్టులు, హ్యాంగర్లు సరిచేయించండి. పాత సామానులో బల్లలు, సింక్, గిన్నెలు కళ్లు మూసుకుని కొనొచ్చు. వాడిన ఇంటి సామాను అమ్మే హ్యాబిటాట్ రీస్టోర్‌లో ఒకసారి చూడండి, పేవర్లు కూడా వస్తుంటాయి. రెగ్యులేటర్, గొట్టం మాత్రం కొత్తవే, అక్కడ పది డాలర్ల పొదుపు చూడొద్దు.

చలికాలం ముందు తోట పైపు విప్పేసి నీళ్లు ఖాళీ చేయండి, లేకపోతే గోడలో పైపు పగులుతుంది. పెనానికి నూనె రాసి కవర్ వేయండి. వసంతంలో మళ్లీ తీసినప్పుడు బర్నర్ గొట్టాల్లోకి సన్నని బ్రష్ పోనివ్వండి. సాలీళ్లు అక్కడ గూళ్లు కడతాయి, గ్యాస్ అడ్డుపడి మంట వెనక్కి తన్నుతుంది. రబ్బరు గొట్టం మీద ఎలకల, ఉడతల పళ్ల గాట్లు కూడా చూడండి. గాటు కనిపిస్తే టేపు చుట్టడాలు వద్దు, మార్చేయండి.

ముందుగా డెక్ కింద చూసి రండి. లెడ్జర్ బోల్టుల తలలు, రెండు హ్యాంగర్లు, స్తంభాల అడుగుభాగం దగ్గరగా ఫొటోలు తీసి పెట్టండి, జాయిస్టుల వెడల్పు, వాటి మధ్య దూరం కొలిచి రాయండి. అవి చూశాక బల్లలు, గ్రిడిల్ ఎటువైపు పెట్టాలో గీసి ఇస్తాను.